చెవిలో చెప్పాల్సిన పేరు

మా ఉదయగిరిలో మొహమాటం తక్కువ. జాకెట్టు భుజం దగ్గర ముడత పడితే నడిబజార్లో నిలేసి, "ఏంది రత్నక్కా ఇట్టా కుట్టినావు, కళ్లు కనపడలేదా?" అని అడుగుతారు. చీర నప్పకపోతే నప్పలేదని, లావెక్కితే లావెక్కావని మొహం మీదే అంటారు. అలాంటి ఊరు నాకు ఒక్క మాట చెప్పడానికి ఏళ్ల తరబడి నోరు తెరవలేదు. నా నోరు వాసన వస్తుందనే మాట.

ఇప్పుడు ఆ బాధ నుంచి చాలావరకు గట్టెక్కాను కాబట్టి రాస్తున్నాను. ఇంటరు దాకా చదివాను, ఆ తర్వాత మిషన్ తొక్కడమే తప్ప కలం పట్టింది లేదు. అయినా రాయాలనిపించింది. నాలాగే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బతికేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు, వాళ్లకొక తోడు మాట ఉంటే మంచిదే కదా. రాస్తుంటే నాకూ కాస్త గుండె కుదుటపడుతోంది.

మాది బస్టాండు దగ్గర సందులో ఒక చిన్న గది షాపు. మా ఆయన శీనయ్య పక్క గదిలో బోరు మోటార్లు బాగుచేస్తాడు. మా వాడు నెల్లూరులో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. జాకెట్టు కొలతలు తీయాలంటే మనిషికి జానెడు దూరంలో నిలబడాలి. మెడ దగ్గర వంగాలి, వీపు చుట్టూ టేపు తిప్పాలి, ఆ తిప్పేంతసేపూ ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండాలి. మాటలు లేని టైలరు దగ్గరికి ఆడవాళ్లు రారు. నాకు మాటలకేం కొదవ? అయితే కొన్నేళ్ల కిందట నా గిరాకీలు ఒక్కొక్కరూ, "కొలతలెందుకులే అక్కా, ఆది జాకెట్టు తెచ్చినా, దాన్ని చూసి కుట్టు" అనడం మొదలుపెట్టారు. సరిగ్గా పట్టే పాత జాకెట్టు తెచ్చి నా ముందు పడేసి, గడప దగ్గరి నుంచే వెళ్లిపోయేవాళ్లు. నా చేతి మీద అంత నమ్మకం కుదిరిందని మురిసిపోయాను. ఆ మురిపెం తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, అప్పుడు రాలేదు.

సంగతి బయటపడింది కరోనా కాలంలో. రెండు పొరల మాస్కు కట్టుకుని పొద్దుటి నుంచీ మిషన్ మీద కూర్చున్నాను. ఎక్కడి నుంచో కుళ్లిన వాసన. మిషన్ కింద చూశాను. మూలనున్న గుడ్డముక్కల మూట విప్పి దులిపాను. చెమటకు తడిసిందేమోనని మాస్కు తీశాను, వాసన పోయింది. కట్టుకున్నాను, వచ్చింది. మళ్లీ తీశాను, మళ్లీ కట్టుకున్నాను. ఆ మధ్యాహ్నమే ఆది జాకెట్ల సంగతి కూడా నాకు తెలిసొచ్చింది.

నిజం చెప్పాలంటే ఊరంతా మాస్కుతో ఊపిరాడక తిట్టుకుంటుంటే నేనొక్కదాన్ని సుఖపడ్డాను. అందరూ తీసేశాక కూడా నేను తీయలేదు. అడిగితే దుమ్ము పడదని చెప్పేదాన్ని.

ఇంక వైద్యాలు. ఇలాంటిదేదైనా కడుపులో వేడి వల్లనే వస్తుందని మా వైపు అందరి నమ్మకం. మజ్జిగ తాగాను, వేపపుల్ల నమిలాను, పటిక నీళ్లు పుక్కిలించాను. నెల్లూరులో కడుపు డాక్టరుకు చూపించుకుంటే కడుపులో ఏమీ లేదని పంపేశాడు. ఏమీ లేదంటే ఏం చేస్తాం? దేవుడు మిగిలాడు. పెంచలకోన స్వామికి మొక్కుకుని శనివారం ఒక్కపొద్దు పట్టాను. పొద్దుగూకి దీపం పెట్టేదాకా మెతుకు ముట్టను, మంచినీళ్లు కూడా తాగను. తగ్గకపోయేసరికి మంగళవారం కలిపాను. అదీ చాలక గురువారం. అన్నిటికన్నా పెద్ద వైద్యం మాట తగ్గించుకోవడం. "నోరు మంచిదైతే ఊరు మంచిది" అని మా అమ్మ మాటిమాటికీ అనేది. నాకు నోరే మంచిది కాకుండా పోయింది, ఇంక ఊరితో పనేముందని మూసుకుని కూర్చున్నాను.

అలా ఉన్న రోజుల్లోనే మా తమ్ముడు మాల్యాద్రికి మొదటి కూతురు పుట్టింది. మా పుట్టిల్లు సీతారామపురం అవతల, గొర్రెలు మేపే ఇల్లు. మా ఇళ్లల్లో ఒక పద్ధతి ఉంది. పేరు పెట్టేనాడు బిడ్డను ఉయ్యాల్లో వేసి, మేనత్త తన కొంగు బిడ్డ మీద కప్పి, ఆ కొంగు చాటున వంగి, చెవికి నోరు ఆనించి మూడుసార్లు పేరు చెబుతుంది. ఆ పేరు మొదట వినేది బిడ్డ, తర్వాతే ఊరు. నాకు నా మేనత్త చెప్పింది, మా తమ్ముడికీ ఆమే చెప్పింది. ఇది మా వాళ్లకు తాళికట్టు అంత ముఖ్యం.

ఆ రోజు ఇల్లంతా జనం. మా మరదలు సుజాత పసుపు మొహంతో నా వైపు చూసి నవ్వింది. నేను ఉయ్యాల దాకా వెళ్లాను. మాస్కు తీశాను. కొంగు కూడా కప్పబోయాను. ఆ లేత మొహం మీద, ఆ కొంగు కింద, గాలి కూడా ఆడని చోట నా ఊపిరి వదలడానికి నాకు మనసొప్పలేదు. వెనక్కి తగ్గి, "నాకు జలుబుగా ఉండాది, మీరు చెప్పండి" అని సుజాత చెల్లెలిని ఉయ్యాల దగ్గరికి నెట్టి బయటికొచ్చాను. లోపల ఒక్కసారిగా గుసగుసలు లేచాయి.

మూడోనాడు మాల్యాద్రి ఫోన్ చేశాడు. "అక్కా, ఆడపిల్లని నీకు నచ్చలేదంట గదా, అందుకే పేరు చెప్పలేదంట. సుజాత ఏడస్తా ఉండాది. నిజమేనా?" అన్నాడు. కాదన్నాను. మరెందుకు చెప్పలేదని అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు నాలుక చివరే ఉంది, అది బయటికి రాలేదు. అప్పటి నుంచి సుజాత నాతో మాట్లాడలేదు. తన జాకెట్లు పక్క ఊళ్లో ఎవరితోనో కుట్టించుకుంటోందని తెలిసింది. ఇంట్లో టైలరు ఉండగా బయట కుట్టించుకోవడమంటే మామూలు మాట కాదు, చెంపదెబ్బ కన్నా గట్టిది. నాకు కోపం కూడా రాలేదు, ఎందుకంటే ఆమె స్థానంలో ఉంటే నేనూ అదే చేసేదాన్ని.

పాపకు ప్రసన్న అని పేరు పెట్టారు. చూస్తుండగానే మూడేళ్లు గడిచిపోయాయి.

మొన్న ఎండాకాలం చివర మా నాయనకు జ్వరమొస్తే చూడ్డానికి వెళ్లాను. సుజాత అప్పుడు రెండో కాన్పు నెలల్లో ఉంది. నన్ను చూసి లోపలికి వెళ్లిపోయింది. పిల్లలకు ఈ పట్టింపులు తెలియవు కదా, ప్రసన్న వచ్చి నా ఒళ్లో ఎక్కి కూర్చుంది. అన్నం తినేవేళ కావడంతో మాస్కు తీసి పక్కన పెట్టాను. అది నా చెంపలు రెండు చేతులా పట్టుకుని, మొహంలో మొహం పెట్టి, ముక్కు ఎగబీల్చి అడిగింది.

"అత్తా, నీ నోట్లో ఎలక చచ్చిపోయిందా?"

వారం కిందట ఆ ఇంట్లో గాదె వెనక నిజంగానే ఎలుక చచ్చిందట. తాతా మనవరాలూ కలిసి వెతికారట. అందుకే ఆ పిల్లకు అంత కచ్చితంగా తెలిసింది. అడగడంలో ఎగతాళి లేదు, పాపం దానికి ఎలుక మీదే జాలి. మాల్యాద్రి "ఏయ్!" అని అరిచాడు. నేను నవ్వబోయి నవ్వలేక లేచి బయటికి వెళ్లాను. వెళ్తూ వెళ్తూ చూస్తే వంటింటి గుమ్మంలో సుజాత నిలబడి ఉంది, చేతిలో గరిటె అలాగే ఉంది.

గొర్రెల దొడ్డి దగ్గర గట్టు మీద కూర్చుని ఏడ్చాను. జ్వరంతో ఉన్న మా నాయన దుప్పటి కప్పుకుని మెల్లగా వచ్చి పక్కన కూర్చున్నాడు. దొడ్లో ఆ పొద్దునే ఈనిన గొర్రె ఒకటి పిల్లను నాకుతోంది.

"చూడు తల్లీ, మందలో ఇన్ని పిల్లలు ఉండాయి గదా. వాసన చూసే అది తన పిల్లని గుర్తుపట్టేది. వాసన ఉంటే తప్పేముండాది? నువ్వెట్టా ఉన్నా నాకు నా బిడ్డవే" అన్నాడు.

నాకు ఆ మాటతో ఏడుపు తగ్గాల్సింది పోయి ఎక్కువైంది. ఆయనకూ ఇన్నాళ్లూ తెలుసన్నమాట.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి మిషన్ మీద ఎప్పటిలాగే సోంపు పొట్లం ఉంది. మా ఆయన రోజూ తెచ్చి పెట్టేవాడు. తనకు సోంపంటే ఇష్టమనీ, నాకూ పెడతాడనీ అనుకునేదాన్ని. ఆ పొట్లం చూడగానే నాకు ఒళ్లు మండిపోయింది.

"నీకు తెలుసు గదా?" అన్నాను.

దేని గురించి అని అడగలేదు ఆయన. చేతిలో స్పానర్ కింద పెట్టి, "తెలుసు" అన్నాడు.

"ఎప్పటి నుంచి?"

"మనోడు ఆరో తరగతి చదివేటప్పటి నుంచి."

"మొగుడివి నువ్వు చెప్పకపోతే ఇంకెవురు చెప్తారయ్యా? కడుపు మాడ్చుకుని ఒక్కపొద్దులుంటినే, తమ్ముడి ఇంటికి దూరమైతినే, నీకు నోట్లో మాట రాలేదా?"

"చెప్తే నువ్వు మాట్లాడ్డం మానేస్తావని భయమేసింది మే. నీ మాటలు ల్యాకపోతే నాకు ఇంట్లో పొద్దుపోదు. దీనికి మందుందని నాకు మాత్రం తెలుసా? మందు ల్యాని జబ్బు చెప్పి నిన్ను ఏడిపించేది దేనికి?"

పొట్లం విసిరి కొట్టాను. సోంపు గది నిండా చెదిరింది. ఆయన చీపురు తెచ్చి తనే ఊడ్చాడు. నేను రెండు రోజులు మాట్లాడలేదు. అంటే ఆయన భయపడిందే జరిగింది.

ఆ తర్వాత ఓ ఉదయం ఫోన్ మోగింది. సుజాత. మూడేళ్ల తర్వాత.

"వదినా," అంది. "బుధవారం నేను స్కానింగుకు ఆత్మకూరు పోతా ఉండా. ఆ మేడ మీదే పళ్ల డాక్టరమ్మ ఉండాది. ఏదో లైటు పెట్టి నోరు బాగుచేస్తాదంట. మా అమ్మోళ్ల ఊరామె చూపించుకుంది. నువ్వు గూడా రా. నాకు తోడుగా ఉంటావు."

తనకు తోడు కావాలని పిలిచింది కానీ, నాకు తోడు రావడానికి పిలిచిందని ఇద్దరికీ తెలుసు. ఉదయగిరిలో తను వచ్చిన బస్సు దిగి, ఆత్మకూరు బస్సులో నా పక్కన కూర్చుంది. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. చాలా దూరం పోయాక తనే అంది: "ఆ రోజు ఎలక మాట విన్నాక నాకు అర్థమైంది వదినా. ఆడపిల్లని గాదు గదా?" నేను తల అడ్డంగా ఊపాను. "ఒక్క మాట చెప్పుంటే ఏం బోయె?" అని కళ్లు తుడుచుకుంది. ఆ మాట కన్నా ఆ చీరకొంగుతో నా కళ్లు కూడా తుడవడం నాకు బాగా గుర్తుండిపోయింది.

కింద స్కానింగు, పైన పళ్ల ఆసుపత్రి. ముందు నేను కింద కూర్చున్నాను, తర్వాత తను ఆ కడుపుతోనే మెట్లెక్కి పైకొచ్చి కూర్చుంది. పళ్ల ఆసుపత్రుల్లో కూర్చునే జనం వేరుగా ఉంటారు. కడుపునొప్పి వాళ్లు మూలుగుతారు, పంటినొప్పి వాళ్లు బుగ్గ పట్టుకుంటారు. నాలాంటి వాళ్లు మాత్రం దేనికొచ్చారని అడిగితే "క్లీనింగ్‌కు" అంటారు. నా పక్కనామె అదే చెప్పింది, నేనూ అదే చెప్పాను. ఇద్దరం నోటికి కొంగు అడ్డం పెట్టుకునే చెప్పుకున్నాం.

డాక్టరమ్మ చిన్నమ్మాయి. నా మాస్కు తీయించి, మొహం దగ్గరికి మొహం తెచ్చి, "ఒకసారి మెల్లగా ఊపిరి వదలండి" అంది. మొహం చిట్లించలేదు. అన్నేళ్లలో నా ఊపిరికి ఎదురుగా కావాలని నిలబడిన మొదటి మనిషి ఆమే. అద్దం చూపించి చిగుళ్ల సందుల్లో చేరిన చీము, నాలుక వెనక తెల్లగా పేరుకున్న పాచి చూపించింది. కడుపుకూ దీనికీ సంబంధం లేదంది. తర్వాత తినే వేళలూ తాగే నీళ్లూ అడిగింది. నేను ఒక్కపొద్దుల సంగతి, మాటలు మానేసిన సంగతి గొప్పగానే చెప్పాను.

ఆమె పెన్ను పక్కన పెట్టింది. "అమ్మా, నోరు ఎండిపోతే వాసన పెరుగుతుంది. తింటే, తాగితే, మాట్లాడితే ఉమ్మి ఊరి నోరు శుభ్రపడుతుంది. మీరు వాసన పోవాలని చేసినవన్నీ వాసనను పెంచాయి" అంది.

అంతమాటా విన్నాక నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. దేవుడి పేరు చెప్పి కడుపు మాడ్చుకుని, జనం కోసమని నోరు కట్టుకుని, ఆ జబ్బుకు నేనే మేత వేశాను. సుజాత పక్క నుంచి, "మా వదిన మాటలు మానేసినప్పుడే అనుకున్నా, ఏదో జబ్బని" అంది.

మొక్కు ఎలా దించుకోవాలన్నది ఇంకో భయం. మధ్యలో ఒక్కపొద్దు వదిలేస్తే స్వామికి కోపమొస్తుందేమో. మా నాయనకు ఫోన్ చేసి అడిగాను. "నువ్వు తిను, నీళ్లు తాగు. స్వామికి బాకీ పడొద్దులే, నీ ఒక్కపొద్దు నేనుంటా" అన్నాడు. పొద్దున్నే సంగటి లేనిదే మంద వెంట అడుగు వేయని మనిషి, ఆ వయసులో, నా శనివారాలు తన నెత్తిన వేసుకున్నాడు. జ్వరం తగ్గిన ఒంటితో వద్దని నేనూ, మాల్యాద్రీ ఎంత చెప్పినా వినలేదు. మంచినీళ్లు మాత్రం తాగుతానని ఒప్పుకున్నాడు.

వానలు పడేవేళకు వైద్యం మొదలైంది. ముందు డాక్టరమ్మ పళ్ల గార తీసింది. అది చాలా రక్తం, చాలా ఉమ్మి, అంతకన్నా చెప్పక్కర్లేదు. తర్వాత లేజరు. ఆ మాట వినగానే నాకు మా ఆయన వెల్డింగ్ గుర్తొచ్చింది. దానికి తగ్గట్టు నా కళ్లకు నల్లద్దాలు పెట్టారు, ఆమె కూడా పెట్టుకుంది. ఇంక నా చిగుళ్లకు అతుకు వేస్తారని కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. సన్నటి దారం లాంటిది చిగురు సందులోకి పోయింది. మందు పెట్టినందువల్ల నొప్పి తెలియలేదు, వెచ్చగా, జిల్లుమన్నట్టు ఉంది. మిషన్ కూ కూ అంటోంది. కాలిన వెంట్రుక వాసన ఒకటి వచ్చింది, నాకు అదే ఎక్కువ భయమేసింది. పక్కన నిలబడిన నర్సు నా భుజం మీద చెయ్యి పెట్టి అలాగే ఉంచింది. ఆ చెయ్యి పెట్టమని ఆమెకెవరూ చెప్పలేదు.

మరోసారి వెళ్లినప్పుడు నాలుక పని. నాలుక వెనక నీలం మందు పూసి, కాసేపు నోరు తెరిచి కూర్చోమన్నారు. దవడలు లాగేశాయి, ఉమ్మి కారింది. ఆ తర్వాత ఎర్రటి లైటు ఒక్కోచోట ఆనించి పట్టుకుంది. ఆ నీలం రంగు క్రిములకు పట్టుకుంటుందట, దాని మీద ఎర్ర వెలుగు పడితే అవి చస్తాయట. నాకు తెలిసిందల్లా కొంచెం వెచ్చదనం. ఇంత దూరం వచ్చి, ఇంత భయపడి, చివరికి నాలుక మీద టార్చిలైటు వేయించుకున్నానా అనిపించింది.

"ఇది మంత్రం కాదమ్మా. వెలుగుతో ఇప్పుడున్నవి చస్తాయి, మళ్లీ పుడతాయి. రోజూ నాలుక గీసుకోవడం, పళ్ల సందులు తోముకోవడం, నీళ్లు తాగడం మానితే నా లైటు ఏమీ చేయలేదు" అని డాక్టరమ్మ ముందే చెప్పింది. నేను తల ఊపాను కానీ చెవికెక్కించుకోలేదు.

తిరుగు బస్సులో సుజాత, "వదినా, ఏదీ నాలిక చూపీ" అంది. చూపించాను. సిరా తాగినట్టు నీలంగా ఉందట. తను కడుపు పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను, నీలం నాలుకతో, నోరంతా తెరిచి, బస్సులో అందరూ చూస్తుండగా. చివరిసారి అలా ఎప్పుడు నవ్వానో గుర్తు లేదు.

ఇంట్లో ఒక ఒప్పందం చేసుకున్నాం. రోజూ పొద్దున పళ్లు తోముకున్నాక మా ఆయన ముందు నిలబడి ఊపిరి వదలాలి, ఆయన ఉన్నదున్నట్టు చెప్పాలి. ఆంజనేయస్వామి మీద ఒట్టు వేయించుకున్నాను. "తాగినోళ్లని పోలీసులు ఊదమన్నట్టుండాది మే" అనేవాడు. మొదటి రోజుల్లో వాసన "ల్యా" అన్నాడు. మరుసటి వారం కూడా "ల్యా". నేను గాల్లో తేలిపోయాను. మాస్కు తీసేశాను. ఒకామెకు టేపు పెట్టి కొలతలు కూడా తీశాను.

దసరా ముందు పండగ కుట్టు పని మీదపడింది. మిషన్ మీద నుంచి లేవలేదు, నీళ్లు తాగలేదు, రాత్రికి అలసిపోయి నాలుక గీసుకోకుండానే పడుకునేదాన్ని. ఓ పొద్దున మా ఆయన ముందు ఊపిరి వదిలితే ఆయన గోడవైపు చూశాడు.

"ఒట్టు వేసినావు" అన్నాను.

"ఉండాది" అన్నాడు.

కూలబడిపోయాను. ఇంక ఇంతే, ఇది పోదు, సుజాత కనే బిడ్డకు కూడా ఎవరో ఒకరు పేరు చెబుతారు అని ఏడ్చాను. ఏడుస్తూనే నాకొకటి తట్టింది. మా ఆయన మొదటిసారి నాకు నిజం చెప్పాడు. పక్కనే కూర్చున్నాడు, దూరం జరగలేదు, సోంపు పొట్లం తేలేదు. "లెయ్. ఇప్పుడే బస్సుకు పోదాం. షాపు మూస్తా" అన్నాడు. గిరాకీ రోజుల్లో షాపు మూసే మనిషి కాదాయన.

డాక్టరమ్మ తిట్టలేదు. మళ్లీ శుభ్రం చేసి, మళ్లీ నీలం పూసి, మళ్లీ లైటు పెట్టింది. ఈసారి ఆమె చెప్పింది చెవికెక్కింది. మా ఆయన మిషన్ పక్కన పెద్ద నీళ్ల సీసా పెట్టి, అది ఖాళీ అయ్యేదాకా గొణిగేవాడు. షాపుకొచ్చిన వాళ్లతో నేను మళ్లీ మాటలు మొదలుపెట్టాను. డాక్టరు చెప్పిన మందు కదా, బాగా వేసుకున్నాను. "రత్నక్కకు పాత నోరు వచ్చేసింది" అని సందంతా అనుకున్నారు.

ఇది చదివేవాళ్లలో ఎవరికైనా నాలాంటి బాధ ఉంటే ఒక్క మాట. కడుపు మాడ్చుకోవద్దు, నోరు కట్టుకోవద్దు. సిగ్గుపడకుండా ముందు పళ్ల డాక్టరుకు చూపించుకోండి. లైటుతోనో లేజరుతోనో ఒక్కసారికి పోతుందని ఎవరైనా చెబితే పూర్తిగా నమ్మొద్దు. నాకది సాయం చేసింది, మిగతా సాయం రోజూ నేనే చేసుకోవాలి. ఇంట్లో నిజం చెప్పే మనిషిని ఒకరిని పెట్టుకోండి. మీ ఇంట్లోనే అలాంటి బాధపడే మనిషి ఉంటే ప్రేమగా చెప్పేయండి, సోంపు పెట్టి ఊరుకోవద్దు.

కార్తీకంలో సుజాతకు కాన్పైంది. మళ్లీ ఆడపిల్ల. ఆసుపత్రిలో బిడ్డను నా చేతికిస్తూ, "ఈసారి నువ్వే చెప్పాల వదినా. నీకు జలుబున్నా సరే" అంది. నవ్వుతూనే అంది కానీ నా మొహంలోకి చూసి అంది. ఈసారి కూడా నేను వెనక్కి తగ్గితే, నా జబ్బు సంగతి తెలిసిన సుజాత ఏమీ అనుకోకపోవచ్చు. ఊరు మాత్రం ఇద్దరు ఆడపిల్లలనూ మేనత్త వద్దనుకుందనే అంటుంది. ఆ పిల్లలు పెద్దయ్యాక ఆ మాట వింటారు.

పేరు పెట్టే రోజు పొద్దున్నే మా ఆయన అలవాటు ప్రకారం నా ముందుకొచ్చి నిలబడ్డాడు. "ఊదు" అన్నాడు. నేను వద్దన్నాను. ఆయన ఉందంటే నేను ఉయ్యాల దాకా పోలేను. లేదంటే నమ్మలేను. ఇవాళ ఎలా ఉన్నా పేరు నేనే చెప్పాలి. ఆయన నా మొహం చూసి, "సరే, పద" అని బండి తీశాడు.

అదే ఇల్లు, అదే ఉయ్యాల, దాదాపు అదే జనం. అందరూ నా వైపే చూస్తున్నారు. మా నాయన ఒక మూల కూర్చుని ఉన్నాడు, శనివారం కాబట్టి ఏమీ తినలేదు. కొంగు బిడ్డ మీద కప్పి, ఆ చాటున వంగాను. పాల వాసన, నూనె వాసన, కొత్త గుడ్డ వాసన. నా నోరు ఆ చెవికి ఆనించాను. "మానస" అన్నాను. బిడ్డ కాళ్లు ముడుచుకుంది. "మానస." ఒక కన్ను తెరిచింది. "మానస." మొహం తిప్పుకోలేదు, ఏడవలేదు, నా వైపు నోరు తెరిచి పాలు వెతుక్కుంది. కొంగు తీసేసరికి నా చెంపలు తడిసి ఉన్నాయి. సుజాత నా చేతిలో ఒక సంచి పెట్టింది. విప్పి చూస్తే మూడు జాకెట్టు గుడ్డలు. ఆది జాకెట్టు లేదు. "ఒళ్లొచ్చింది వదినా, కొలతలు నువ్వే తియ్యాల" అంది.

అప్పుడు నా చీర కుచ్చెళ్లు ఎవరో లాగారు. ప్రసన్న. మొహం ముడుచుకుని ఉంది.

"చెల్లికి చెప్పినావు. నాకు చెప్పలేదంట గదా?"

ఎవరు చెప్పారో ఏమో. నేను సుజాత వైపు చూశాను.

"చెప్పు వదినా" అంది సుజాత.

నేల మీద కూర్చుని ఆ పిల్లను దగ్గరకు తీసుకున్నాను. ఉయ్యాల మీది నుంచి తీసిన కొంగునే దాని తల మీద కప్పాను. మూడేళ్ల ఆలస్యంగా దాని చెవికి నోరు ఆనించి, "ప్రసన్న" అన్నాను. అది భుజం ఎగరేసి కిలకిలా నవ్వింది. "ప్రసన్న" అన్నాను. "ప్రసన్న."

కొంగు కింది నుంచే అది నా మొహం రెండు చేతులా పట్టుకుంది, ఆ రోజు పట్టుకున్నట్టే. ముక్కు ఎగబీల్చింది. నేను ఊపిరి బిగబట్టాను. అది కాసేపు ఆలోచించి, మెడ అటువైపు తిప్పి, రెండో చెవి నా నోటి దగ్గర పెట్టింది.

"ఈ చెవిలో గూడా చెప్పత్తా."